అవ్వ సబ్‌మెరైన్‌లోకి దిగిన దినం

మా నాయన తన ఉద్యోగం గురించి వాళ్ళమ్మకు పదేళ్ళపాటు నిజం చెప్పలేదు. చివరికి చెప్పింది కూడా ఆయన కాదు, నేను.

ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టినవాడు మా నాయన. హిందూపురంలో ఐటీఐ ఫిట్టర్ చదివి, పేపర్లో ప్రకటన చూసి నేవీకి దరఖాస్తు పెట్టాడు. అప్పటికి ఆయన చూసిన నీళ్ళల్లో పెద్దవి ధర్మవరం చెరువు నీళ్ళే, అదీ వానలు బాగా పడిన ఏడు మాత్రమే. రెండేళ్ళు మామూలు ఓడ మీద పనిచేశాక, సబ్‌మెరైన్‌కు ఎవరు వస్తారని అడిగితే చెయ్యెత్తాడట. ఎందుకు ఎత్తావని చాలాసార్లు అడిగాను. "దాంట్లో మిషన్లు శానా బాగుంటాయని ఎవురో చెప్పిరి" అనేవాడు. అంతకు మించి ఆయన దగ్గర కారణం లేదు.

అవ్వకు మాత్రం "ఓడలో పని" అని చెప్పాడు. అది అబద్ధం కాదు కదా అని ఆయన వాదన. అవ్వ చిన్నప్పుడు, కొత్తచెరువు దగ్గర వాళ్ళ చేని బావిలో ఆమె తమ్ముడు పడి చనిపోయాడు. ఆ తర్వాత ఆమె ఏ బావి గట్టూ ఎక్కలేదు. అట్లాంటామెతో, నీ కొడుకు వారాలకు వారాలు నీళ్ళ కిందనే ఉంటాడని ఎట్లా చెప్పేది? అమ్మకు తెలుసు, ఆమె నోరు విప్పలేదు. నాకు మాత్రం చెప్పొద్దని చెప్పడం ఇద్దరూ మరిచిపోయారు.

నేను మూడో తరగతి అయిపోయిన వేసవి అది. విశాఖపట్నం నుంచి సెలవులకు ధర్మవరం వచ్చాం. అవ్వ లోపల మగ్గం నేస్తోంది. తాత పోయాక, మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంతలో ఆమే కూర్చుంది. నాయన వాకిట్లో పాత రేడియో విప్పి దాని ముక్కలు పేపరు మీద వరసగా పెట్టుకున్నాడు. పక్కింటామె పట్టుదారం కండెలకు చుడుతూ నన్ను పలకరించింది.

"మీ నాయన ఓడ ఎంత పెద్దదుంటాది పాపా?"

"మా నాయనది పైన పొయ్యే ఓడ కాదు" అన్నాను గొప్పగా. "నీళ్ళ లోపలికి మునుగుతాది. మునిగితే శానా దినాలు పైకే రాదు."

మగ్గం చప్పుడు ఆగిపోయింది. నాయన చేతిలోని స్క్రూడ్రైవరు కూడా ఆగింది. అవ్వ గుంతలోంచి లేచి వాకిట్లోకి వచ్చింది.

"ఏమప్పా, పాప చెప్పేది నిజమేనా?"

"నిజమేమా" అన్నాడు నాయన, తల ఎత్తకుండా.

ఆమె లోపలికిపోయి మళ్ళీ మగ్గం మీద కూర్చుంది. రెండు దినాలు కొడుకుతో మాట్లాడలేదు. పళ్ళెంలో సంగటి పెట్టి ముందర ఉంచి, వెనక్కి తిరిగి పోయేది. నాయన రేడియో బాగుచేసి, ఇంట్లో ఉన్న ప్రతి తలుపుకూ నూనె వేసి, బాగానే తిరుగుతున్న ఫ్యానును కూడా విప్పి పెట్టాడు. నాకు ఏదో తప్పు చేశానని తెలుసు, ఏమిటో తెలియదు. మూడో దినం పొద్దున అవ్వ కాఫీ గ్లాసు పట్టుకొచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"నేను దాన్ని చూడల్ల."

"ఊరికే రానియ్యరు మా. ఏడాదికి ఒగ దినం ఇంటోళ్ళను పిలుస్తారు."

"ఆ దినమేదో చెప్పు. వస్తా."

వస్తుందని మేమెవరం అనుకోలేదు. ధర్మవరం నుంచి విశాఖపట్నానికి రైల్లో ఒక దినం పైనే ప్రయాణం. అనంతపురం దాటి ఎరగని మనిషి. కానీ నాయన జాబు రాసిన వెంటనే, తెలిసినవాళ్ళతో కలిసి వచ్చేసింది. సంచీలో బొరుగులు, రాగిపిండి, చెనిక్కాయల పొడి. రైలు దిగగానే "ఎప్పుడు పోతాండాము" అనే అడిగింది.

ఇంటోళ్ళను పిలిచిన దినం ఆమె తను నేసుకున్న పట్టుచీర కట్టుకుంది. అమ్మ భయపడుతూ చెప్పింది, నిచ్చెన దిగాలి, నూలు చీర కట్టుకుంటే మేలని. "వాడు పన్జేసే చోటుకి పోతాండా. మాసిన చీరతో పోతానా" అంది అవ్వ.

రేవు గట్టు దగ్గర సబ్‌మెరైన్‌ను చూసి ఆమె ఆగింది. నల్లగా, నున్నగా, నీళ్ళ మీదికి వీపు ఒక్కటే కనిపిస్తోంది. "చెరువులో ఎనుము పండుకున్నట్టుండాదే" అంది. గేదెతో పోలిక విని నాయన నవ్వాడు. ఆ నవ్వుతో వాళ్ళ మధ్య బిగుసుకున్నది కొంచెం సడలింది.

లోపలికి పోవడానికి గుండ్రటి మూత, దాని కింద నిలువు నిచ్చెన. అవ్వ కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కొంగు నడుముకు బిగించింది. కింద నిచ్చెన పట్టుకుని ఒక కేరళ అబ్బాయి ఉన్నాడు. నాయన తోటి పనివాడే.

"ఆ అబ్బిని పక్కకు జరగమని చెప్పు. నేను పడితే వాడు నలిగిపోతాడు."

నాయన హిందీలో చెప్పాడు. ఆ అబ్బాయి నవ్వి, జరగకుండా అక్కడే నిలబడ్డాడు. ఆమె ఒక్కొక్క మెట్టే లెక్కపెట్టుకుంటూ దిగింది. ఆమె వెనక నేను, నా వెనక అమ్మ.

లోపల ఎటు చూసినా గొట్టాలు, చక్రాలు, గడియారాల్లాంటి డయల్స్. డీజిల్ వాసన. అది నాకు బాగా తెలిసిన వాసన, నాయన ఇంటికొచ్చినప్పుడల్లా చొక్కాల్లో వచ్చేది. ఆయన తన పడక చూపించాడు. గోడకు బిగించిన బల్ల. నేను లేస్తే ఇంకొకాయన ఇందులోనే పడుకుంటాడు అని చెప్పాడు. అవ్వ జానలతో దాని పొడుగు కొలిచి, ఎవరూ ఆపేలోపలే ఎక్కి పడుకుంది.

"ఇరుకుగా ఉంటాది మా" అన్నాడు నాయన, ఆయనే తప్పు చేసినట్టు.

"ఇన్నేండ్లు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూచున్నా. నాకు ఇరుకు చెప్తాండావా?"

లేచి కూర్చుని, అసలు అడగడానికి వచ్చింది అడిగింది. "పైకి రావల్లంటే ఏం జేస్తారు?"

నాయన ఆమెను ఒక చోటికి తీసుకుపోయాడు. అక్కడ వరసగా చిన్న చిన్న చక్రాలున్నాయి. ఓడ పక్కల్లో తొట్లుంటాయని, వాటిలోకి నీళ్ళు వదిలితే మునుగుతుందని, గాలి కొట్టి ఆ నీళ్ళను బయటికి తోస్తే పైకి లేస్తుందని నిదానంగా చెప్పాడు. అంత సేపు ఆయన వాళ్ళమ్మతో మాట్లాడటం నేను అప్పటిదాకా చూడలేదు.

"ఆ గాలి ఎవురు తిప్పుతారు?"

"నా డ్యూటీలో అయితే నేనే."

"నువ్వేనా?"

"నేనే మా. ఇదో, ఈ చక్రం."

ఆమె దాని మీద చెయ్యి పెట్టింది. ఎంత బిగువుగా ఉందో చూసింది. తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని, అరచేతిని తిప్పి, కాయలు కాసిన చోట బొటనవేలితో రుద్దింది. "సరే" అంది. అంతే. నాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆఖరుకు ఒక అధికారి ఆమెను పెరిస్కోపు దగ్గరికి పిలిచాడు. ఎత్తు చాలక, కింద పెట్టె వేశారు. అవ్వ ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. ఏం కనిపిస్తోందని అధికారి తెలుగులోనే అడిగాడు.

"గట్టు మీద ఎర్ర చీరామె నిలబడుకోనుంది సార్. ఆ అంచు మగ్గం మీద నేసింది కాదు, మరమగ్గం. పాపం ఆయమ్మను ఎవురో మోసం జేసినారు."

ఆ ఎర్ర చీర కట్టుకున్నది ఆయన భార్యేనట. ఆయన గోడ పట్టుకుని నవ్వాడు. నాయన మాత్రం తన ఉద్యోగం అప్పటికప్పుడు పోయినట్టే నిలబడ్డాడు. మరుసటి ఏడు ఆ అధికారి నాయనతో చెప్పి, అవ్వ నేసిన చీర ఒకటి ఇంటికి తెప్పించుకున్నాడు.

ఊరికి పోయాక అవ్వ మారిపోయింది. అంతకు ముందు ఓడలో పని అని రెండు ముక్కల్లో తేల్చేసే మనిషి, ఇప్పుడు వాళ్ళ వీధిలో ఎవరు కనిపించినా తొట్లూ గాలీ వివరించేది. నాయన సముద్రంలో ఉన్న వారాల్లో అమ్మ దిగులుపడితే, ధైర్యం చెప్పే ఫోను అవ్వ దగ్గర్నుంచే వచ్చేది. నాయన ఉద్యోగం చాలించి ఇంటికొచ్చాక కూడా ఆమె చాలా ఏళ్ళు బతికింది. కొడుకు రోజూ ఇంట్లోనే ఉంటే ఆమెకు విసుగు కూడా వచ్చేది. "యాడికన్నా పోయి రాప్పా" అనేది.

నేను ఇప్పుడు హిందూపురంలో కాపురం, పెనుకొండ బడిలో టీచరు. పోయిన ఏడు నాయనను మా బడి పిల్లలతో మాట్లాడమని పిలిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని ధర్మవరం బస్సులో దిగాడు. ఎనిమిదో తరగతి పిల్లలు, లోపల చేపలు కనిపిస్తాయా అని అడిగారు. కిటికీలే ఉండవని చెబితే నీరుగారిపోయారు. నెల తర్వాత పైకొచ్చి మూత తెరిస్తే మొదట వచ్చే బయటి గాలే కంపు కొడుతుందని, లోపలి వాసనకే ముక్కు అలవాటు పడిపోతుందని చెబితే మాత్రం బెంచీలు కొట్టి నవ్వారు.

ముదిగుబ్బ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల ఒకతి లేచింది. వాళ్ళింట్లో గొర్రెలు మేపుతారు.

"సార్, దాంట్లోకి ఆడపిల్లల్ని తీసుకుంటారా?"

"ఓడల మీదికి తీసుకుంటాండారు. దీంట్లోకి ఇంకా లేదనుకుంటా. నువ్వు సదువు ముగించేలోపల తీసుకుంటారేమో."

"లెక్కలు రావల్లా సార్?"

"రావల్ల."

తరగతంతా ఉసూరుమంది. ఆ పిల్ల కూర్చోలేదు. "నాకు రావు సార్. మీరు చెప్తారా?"

నాయన నా వైపు చూశాడు. నేను భుజాలు ఎగరేశాను. ఆయన సుద్దముక్క తీసుకుని, ఏ లెక్క దగ్గర ఆగిపోయావో చెప్పు అన్నాడు. సాయంత్రం ఐదు దాటేదాకా బడి వదల్లేదు, ఆయనతోబాటు పదకొండు మంది పిల్లలు కూడా.

అప్పటినుంచి గురువారాలు వస్తున్నాడు. పోయిన వారం బస్సు ఆలస్యమైతే, ఆ పిల్లలు గేటు దగ్గర నిలబడి, సార్ ఇంకా రాలేదేమని నన్నే నిలదీశారు.