మామయ్య మూత, డాక్టరమ్మ జాడీ

మా మామయ్యది లాండ్రీ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊళ్లోవాళ్ల తెల్లచొక్కాలకి నీలిమందు పెట్టే మనిషి, ఇంటికొచ్చాక కూడా తెలుపూ నీలమే చూడాలనుకోవడం ఏం పిచ్చో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. పాతకాలపు చైనా పింగాణీ ఆయన బలహీనత. అల్మరా నిండా గిన్నెలూ పళ్లేలూ టీ కప్పులే. అత్తయ్య ఉన్న రోజుల్లో, "వీటిలో ఒక్కదాంట్లోనైనా కూర వడ్డిస్తే కదా ఉపయోగం" అని సాధించేది. ఆవిడ పోయాక సాధించేవాళ్లు లేక మామయ్య బాగా డీలాపడ్డాడు.

ఆ అల్మరాలో పట్టుగుడ్డ పరిచి నడిమధ్య కూర్చోబెట్టింది మాత్రం ఒక మూతని. ఒట్టి మూత. ముదురు నీలం, పగిలిన మంచుగడ్డ మీదున్నట్టు సన్నని గీతలు, వాటి మధ్య తెల్లపూలు. ఏ జాడీదో, ఎప్పుడు విడిపోయిందో తెలియదు. సరిగ్గా అదే నీలం, అవే పూలున్న జాడీ ఒకటి, మూత లేకుండా, ఊరికి ఆ చివర పళ్ల డాక్టరమ్మ ఇంట్లో ఉంది.

ఇక చూడండి. "మూత నాకమ్మండి" అంటుందావిడ. "జాడీయే నాకమ్మండి" అంటాడీయన. ఇద్దరూ తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. జాడీ మూతి కొలత ఆవిడ చెప్పదు, మూత కొలత ఈయన చెప్పడు. సరిపోతుందని తెలిస్తే అవతలివాళ్లు రేటు పెంచేస్తారని భయం. మూత పట్టుకుని ఈయన వెళ్లడు, జాడీ పట్టుకుని ఆవిడ రాదు. తెచ్చినవాళ్లు అమ్మడానికొచ్చినట్టు లెక్కట! ఈ గొడవ తేల్చుకోవడానికి మామయ్య ప్రతి ఆదివారం మడత నలగని చొక్కా వేసుకుని బస్సెక్కేవాడు. ఎంతకీ తేలేది కాదు. తిరిగొచ్చేటప్పుడు ఆయన మొహం చూడాలి, విందు భోజనం చేసొచ్చినట్టుండేది.

మొన్న చలికాలంలో డాక్టరమ్మ మెట్ల మీంచి జారిపడి మోకాలు విరగ్గొట్టుకుంది. ఆ ఆదివారం మామయ్య మూతని తువ్వాల్లో చుట్టి, "కారు తియ్యవే" అన్నాడు నాతో.

"అమ్మేస్తున్నావా?"

"ఊరికే ఇచ్చేస్తున్నా. కదల్లేని మనిషి. కళ్లెదురుగా జాడీ నిండుగా కనిపిస్తే తొందరగా కోలుకుంటుంది."

నేను ఊరుకుంటానా, నోటిదురద మనిషిని. "ఇచ్చేశాక వచ్చే ఆదివారం నీకక్కడ ఏం పని మామయ్యా?"

ఆయన చెయ్యి కారు తలుపు మీదే ఆగిపోయింది. ఆ సంగతి ఆయనకి తట్టనేలేదు. ఎందుకన్నానురా బాబూ అని నాలుక కరుచుకున్నాను. "పోనీలే, ఆవిడ కోలుకోవడం ముఖ్యం" అని ఎక్కి కూర్చున్నాడు.

డాక్టరమ్మ కాలికి కట్టుతో కుర్చీలో ఉంది. మామయ్య తువ్వాలు విప్పి, మూతని జాడీ మీద పెట్టాడు.

అది పక్కకి ఒరిగిపోయింది. సర్ది మళ్లీ పెట్టాడు. మళ్లీ ఒరిగింది. మూత ఓ వేలి మందం పెద్దది. చంటిపిల్లాడి నెత్తిన నాన్న టోపీ పెట్టినట్టుంది.

ఇన్నేళ్ల కొట్లాట ఒక్క నిమిషంలో అయిపోయింది. మామయ్య తువ్వాలు మడత పెట్టుకుంటూ, "అయితే ఇక... వస్తానండి" అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఎక్కడికండీ?" డాక్టరమ్మ కసిరింది. "నా జాడీకి మూతా, మీ మూతకి జాడీ వెతకద్దూ? మోకాలు బాగయ్యాక ఇద్దరం కలిసి వెళ్దాం."

"అది బాగవడానికి చాలా రోజులు పడుతుందేమోనండి."

"పడితే? అప్పటిదాకా ఆదివారాలు రావడం మానేస్తారా ఏంటి?"

తిరిగొస్తుంటే మామయ్య ఒళ్లో ఖాళీ తువ్వాలు కనిపించింది. "అయ్యో, మూత అక్కడే మర్చిపోయావు!" అని బ్రేకు వేశాను.

"మర్చిపోలేదులే, పోనివ్వు," అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. "వచ్చే ఆదివారం తెచ్చుకుంటా."