బోర్లగూడెం హమాలీ తట్టిన తలుపు

ఫుట్‌బాల్ ప్రపంచకప్ ముగిసిన మరుసటి మార్చిలో నన్ను ఖతార్‌లోని బిర్కత్ అల్ అవామిర్ గోదాముకు సేఫ్టీ ఆఫీసరుగా వేశారు. కంటైనర్ వస్తే సీలు నంబరు సరిచూసి తలుపు తీయించడం నా పని. మాట వినని కూలీమీద రిపోర్టు రాయడమూ నా పనే. ఆ రెండోది మహా చురుగ్గా చేసేవాణ్ణి.

ఒక ఉదయం హెల్పర్ రాజన్న కంటైనర్ తలుపును అరచేత్తో రెండుచోట్ల తట్టి, చెవి ఆనించి విని, వెనక్కి జరిగాడు. "సరుకు తలుపు మీదికి ఒరిగింది సార్. తలుపులకు అడ్డంగ బెల్టు కట్టినంక తీద్దాం" అన్నాడు. బెల్టు తెప్పించాలంటే గంట పడుతుంది. వెనక నాలుగు ట్రైలర్లు ఆగి ఉన్నాయి. ఫోర్‌మన్ "యల్లా యల్లా" అని తొందరపెడుతున్నాడు. తట్టి చూడమని మా నిబంధనల్లో లేదు. పని నిరాకరించాడని అక్కడికక్కడే రిపోర్టు పంపాను. రాజన్నకు అది రెండోది. రెండోదానితో ఇంటికి పంపేస్తారు.

చివరికి ఫోర్‌మన్ తాడు కట్టి దూరంనుంచి తలుపు లాగించాడు. టైల్స్ పెట్టెలు రాజన్న నిలబడాల్సిన చోటే కూలాయి. రిపోర్టు వెనక్కి తీసుకుంటానని వెంటనే రాశాను. మాట వినలేదన్నది నిజమే కదా అని ఆఫీసు జవాబిచ్చింది.

సిగ్గుతోనే కూలీలుండే క్యాంపుకు వెళ్ళి, సరుకు ఒరిగిందని ఎలా తెలిసిందని రాజన్నను అడిగాను. రాజన్నది నిజామాబాద్ వైపు బోర్లగూడెం. రైల్వే అక్కడ గూడ్స్ షెడ్డు కట్టాక చుట్టుపక్కల పసుపు, మక్కజొన్నలు అన్నీ అక్కడికే చేరేవట. మిల్లులు, లాడ్జి, సినిమా టాకీసు వెలిశాయి. రాజన్న తండ్రి, ఆ తర్వాత రాజన్న అక్కడి హమాలీలకు పెద్ద. ఆ పెద్ద తట్టి వినందే వ్యాగన్ గొళ్ళెం ఎవరూ ముట్టకూడదన్నది అక్కడి కట్టుబాటు. కొన్నాళ్ళకు రైల్వే విడి వ్యాగన్లలో సరుకు తీసుకోవడం మానేసి, గూడ్సు బండి మొత్తానికి సరిపడా సరుకుంటేనే ఎక్కిస్తామంది. సరుకు లారీలకు మళ్ళింది, మిల్లులకు తాళాలు పడ్డాయి.

"షెడ్డు రేకులు గుడ ఊడదీస్కపోయిండ్రు సార్. ఊరంత దుబాయ్, ఖతార్ తొవ్వ పట్టినం. ఇప్పుడు పొమ్మంటే పోత. పోయి ఏం జెయ్యాలె?"

ఆ గురువారమే రాజన్నను విమానం ఎక్కించారు.

రిటైరయ్యేదాకా, తలుపు తెరుచుకోకముందు నేను మళ్ళీ ఏ రిపోర్టూ రాయలేదు. తట్టి చూడాలన్న నిబంధన కూడా చేర్పించాను. తట్టడం అందరికీ నేర్పాను. ఆ చప్పుడు వినడం మాత్రం నాకే రాలేదు.