మా నాన్న చెరిపిన అక్షరాలు

మా నాన్న వెండెలిన్ ఓట్ పుట్టిన ఇంట్లోనే పోయాడు. ఆ అరవై తొమ్మిదేళ్ళలో ఇల్లు మారకుండానే మూడుసార్లు దేశం మారాడు. జర్మనీవాడిగా పుట్టి, మొదటి యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌వాడై, 1940లో మళ్ళీ జర్మనీవాడై, చివరికి ఫ్రాన్స్‌వాడిగా కన్నుమూశాడు. మా ఊరికి ముందు ఏరు, ఏటి అవతల జర్మనీ. వెనక గుట్ట, దాని మీద ఫ్రాన్స్ ఫిరంగులు. ఎవరికి కోపం వచ్చినా ముందు తొక్కేది మా గోధుమ చేలనే.

నాన్న రాళ్ళు చెక్కేవాడు. గుట్టలో దొరికే గులాబి రంగు రాయితో తొట్లు, గడపలు, సమాధులు చేసేవాడు. ఇంట్లో అందరం జర్మన్ యాసే మాట్లాడినా, మొదటి యుద్ధం తర్వాత చనిపోయినవాళ్ళకు ఫ్రెంచిలో రాయించడం ఊళ్ళో గౌరవమైపోయింది.

1939లో యుద్ధం రాగానే ఊరంతటినీ ఖాళీ చేయించి పడమటికి పంపారు. ఏడాది తర్వాత తిరిగొచ్చేసరికి పెత్తనం జర్మన్లది. ఫ్రెంచిలో 'బోంజూర్' అని పలకరించినా జరిమానా. మరుసటి వసంతంలో ఒక అధికారి మా ఇంటికొచ్చాడు.

"శ్మశానంలో ఒక్క ఫ్రెంచి అక్షరం ఉండకూడదు. చెక్కింది నువ్వే కదా, చెరిపేదీ నువ్వే."

"నావల్ల కాదండి."

"అయితే సామాను సర్దుకోండి. ఊరినుంచి వెళ్ళగొట్టేవాళ్ళకు సోమవారం రైలుంది."

అమ్మ అప్పటికే కీళ్ళవాతంతో మంచం పట్టింది. నాన్న ఆమె వైపు చూశాడు. ఉలి, సుత్తి సంచిలో వేసుకున్నాడు.

ముప్పై ఒక్క రాళ్ళు. సాయానికి నేనూ వెంట వెళ్ళేదాన్ని. మూడోరోజు మాతిస్ మూరర్ సమాధి దగ్గరికి వచ్చాం. మాతిస్ నాన్నతో ఒకే బల్ల మీద చదువుకున్నవాడు, చెట్టు కొడుతుంటే మీద పడి పోయాడు. అతని భార్య అపొలీన్ రాయికి అడ్డంగా నిలబడి ఉంది.

"దీని జోలికి రాకు వెండెలిన్."

"నేను కాకపోతే రేపు ఇంకొకడు సమ్మెట తెస్తాడు అపొలీన్. రాయే మిగలదు."

"ఆ ఇంకొకణ్ణే రానీ. వాడి మొహమైనా నాకు తెలియదు."

నాన్న టోపీ తీసి గడ్డి మీద పెట్టాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని పని మొదలుపెట్టాడు. ఆమె పక్కకు తప్పుకుంది గాని వెళ్ళిపోలేదు. చివరి అక్షరం పోయేదాకా చూస్తూనే ఉంది.

యుద్ధం అయ్యాక నాన్న ఒక్క ఫ్రాంకు కూడా తీసుకోకుండా రాళ్ళన్నీ మళ్ళీ చెక్కుతానన్నాడు. చాలామంది ఒప్పుకున్నారు. కొందరు వెనకాల నవ్వారు. "వెండెలిన్‌కేం, రెండు భాషల్లోనూ పనే" అని సారాకొట్లో ఎవరో అంటే, నాన్న గ్లాసు సగంలో వదిలేసి వచ్చేశాడు. అపొలీన్ మాత్రం తలుపు తీయలేదు. ఆయన ఏటా శరత్తులో, సమాధులకు పూలు పెట్టే సకల పునీతుల పండుగ ముందు వెళ్ళేవాడు. తలుపు వెనకనుంచే ఒక మాట వినిపించేది.

"అలాగే ఉండనీ."

"వెళ్ళొద్దు నాన్నా" అన్నాను ఒకసారి. "ఆవిడ మనసు మారదు."

"మారమని అడగడానికి కాదే వెళ్ళేది" అన్నాడు. మరెందుకో చెప్పలేదు.

అమ్మ పోయాక ఆయన రాతిమీద అక్షరాలు చెక్కడం పూర్తిగా మానేశాడు. ఎవరొచ్చి అడిగినా పట్నం వెళ్ళమనేవాడు.

1957 శరత్తులో అపొలీన్ ఇంటికి వెళ్ళినవాడు గంటసేపు రాలేదు. నేను కంగారుపడి వీధిలోకొచ్చాను. కర్ర పొడుచుకుంటూ మెల్లగా వస్తున్నాడు.

"ఏమంది?"

"గడ్డి సంగతి అడిగింది. ఈ ఏడు ప్లమ్ చెట్లు కాయలేదంది."

"రాయి సంగతో?"

"ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు." పొయ్యి దగ్గర కూర్చున్నాడు. "కుర్చీ వేసింది" అన్నాడు కాసేపటికి. సూపు పెడితే ముట్టలేదు.

మరుసటి ఏడు ఈస్టరుకు ముందే ఆయన పోయాడు. అపొలీన్ అంత్యక్రియలకు వచ్చి అందరికంటే వెనక నిలబడింది. నాతో మాట్లాడకుండానే వెళ్ళిపోయింది. మాతిస్ రాయి ఇప్పటికీ నున్నగానే ఉంది.