నేను తిప్పేసిన పాచిక

కోడి కెలికినట్టుండే ఈ రాతనీ, తప్పుల్నీ మన్నించండి. నా తెలుగు బడి మూడో తరగతితోనే ఆగిపోయింది. మన ఆడవాళ్ళం మనసులో మాటలు రాసుకునే నోట్‌బుక్ ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికొచ్చి మూడు రోజులైంది. తెరుస్తున్నాను... మూస్తున్నాను...

మా చిన్నప్పుడు... అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో, పక్కింటి కేరన్ వాళ్ళ బేస్‌మెంట్‌లో, శనివారం మధ్యాహ్నాలు ఒక ఆట ఆడేవాళ్ళం. కేరన్ కథ చెబుతుంది. అందులో మనకో వేషం ఉంటుంది. ఏం చేస్తామో చెప్పి ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని అయినట్టు. అన్నయ్య కత్తివీరుడు. నేను విల్లు పట్టిన పిల్లని... ఎక్కువ మాట్లాడే పని లేదని ఆ వేషం తీసుకున్నాను.

అన్నయ్య ఆ వీరుణ్ణి రెండేళ్ళు పెంచాడు. వాడి వివరాలు రాసుకున్న కాగితం చెరిపి చెరిపి చిల్లులు పడింది. వీరుడు చచ్చిపోతే ఆ కాగితం చించేయాలి. అది కేరన్ పెట్టిన రూలు.

ఒక రోజు ఆ కథలో గుహ తలుపు దగ్గర ఒక దేవదూత నిలబడ్డాడు. తెల్లని రెక్కలు, నిప్పుల కత్తి. ఆ ఆటలో దేవదూతలు ఒక్కోసారి తోడొస్తారు, గాయాలు మాన్పుతారు. ఈయన మాత్రం కాపలా. ఎన్ని దెబ్బలకి ఆయన ప్రాణం పోతుందో కేరన్ పుస్తకంలో అచ్చువేసి ఉంది. అది చూసి ఆ పేజీ మీంచి చూపు తిప్పుకున్నాను. దేవుడి పటానికి పొరపాటున కాలు తగిలితేనే లెంపలేసుకునే ఇల్లు మాది...

అన్నయ్య వీరుడు ఇంకొక్క దెబ్బకి పోతాడు. దేవదూతా అంతే. వంతు నాది.

"షూట్ చెయ్యవే," అన్నాడు అన్నయ్య.

"ఆయన దేవుడి మనిషి అన్నయ్యా..."

"ఆయనా లేదు, గీయనా లేదు. గేమే కదా. రోల్ చెయ్యి."

చేతులు అడ్డం పెట్టుకుని వేశాను. పద్దెనిమిది పడింది. ఎవరూ చూడకముందే వేలితో తిప్పేశాను. రెండు.

తర్వాత దేవదూత తరఫున కేరన్ వేసింది. నిప్పుల కత్తి దిగింది. వీరుడు పోయాడు. అన్నయ్య తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మెల్లగా చించాడు. మళ్ళీ ఆ మెట్లు దిగలేదు.

ఇప్పుడు ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. శనివారాలు లాండ్రీకీ, గ్రోసరీలకీ పోతున్నాయి. అన్నయ్య ఎప్పుడైనా భోజనానికొస్తే, "దీని చెయ్యి మంచిది కాదు బావా, లక్కీ డ్రా చీటీ మాత్రం తీయించకు," అంటాడు మా ఆయనతో. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వి, గిన్నెలు తీసే వంకతో లేస్తాను...

ఆ దేవదూత ఆ తలుపు దగ్గర ఇంకా నిలబడే ఉన్నట్టుంటుంది నాకు.

ఎవరికీ చెప్పని చిన్నప్పటి తప్పు మీకూ ఉంటే తర్వాతి పేజీలో రాయండి. ముందు మాత్రం ఈ పేజీ చించి కాల్చేయండి. వచ్చే వారం నోట్‌బుక్ మా అన్నయ్య వాళ్ళింటికి, వదిన దగ్గరికి వెళ్తుంది.