రక్తం తిరిగొచ్చాక

మేడం బాగున్నారన్న ఫోను వచ్చిన కాసేపటికే, మేడం పోయారన్న ఫోను వచ్చింది. రెండూ ఆమె భర్త చేసినవే. మొదటిసారి, "గుండెల మూసుకపోయిన నరం తెరిచిండ్రు బిడ్డా, రక్తం పారుతుంది. నన్ను చూసి నవ్వింది గూడ" అన్నాడు. రెండోసారి ఆయన మాట ఏడుపులో కలిసిపోయింది. తిమ్మాజిపేట బస్టాండులో కూర్చోలేక, నిలబడలేక, ఎక్కాల్సిన బస్సును వదిలేశాను.

వనపర్తి కాలేజీలో ఆవిడ మాకు జువాలజీ చెప్పారు. పరిశోధన గుండె కణాల మీద చేశారు. అప్పుడప్పుడూ మేక గుండెను టిఫిన్ డబ్బాలో తెచ్చి, "ముక్కు మూసుకున్నోళ్లు ముందుకు రాండ్రి" అనేవారు. పాఠం చెబుతూ ఒకచోట నిలిచేవారు కాదు. చాక్‌పీసు ఎక్కడ పెట్టారో మరిచిపోయి వెతుక్కునేవారు.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ కణంలో కాల్షియం పెరుగుతుంది, కండ ముడుచుకుంటుంది. కణంలోని పంపులు దాన్ని వెనక్కి తోడేస్తే కండ వదులవుతుంది. రక్తం ఆగితే ఆ పంపులకు శక్తి అందదు, కాల్షియం పేరుకుపోతుంది. ఆవిడ ఇక్కడిదాకా చెప్పి, రక్తం తిరిగొచ్చాక కూడా కొన్ని కణాలు చనిపోతాయన్నారు.

"ఆగితే చస్తదంటే సమజైంది మేడం. వచ్చినంక ఎందుకు చస్తది?" అని అడిగాను.

ఆవిడ నడక ఆపారు. "గదే నన్ను కుదురుగ ఉండనిస్తలేదు. శక్తి ఒక్కసారిగ వస్తది, కాల్షియం ఇంక లోపల్నే ఉంటది. కండ బిర్రుగ ముడుచుకుంటది, లయ తప్పుతది. కొన్ని గుండెలు తట్టుకుంటయ్, కొన్ని తట్టుకోవు. ఎందుకో నాకు పూర్తిగ తెల్వదు. తెల్వదని చెప్పనీకె సిగ్గుపడొద్దు."

దహనం అయిన మర్నాడు బిజినేపల్లి దగ్గర వాళ్లింటికి వెళ్లాను. మేడం భర్త వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"తెరవకుంటే బతికేదేమో బిడ్డా. తెరువుండ్రి అని నేనే చెప్తి."

"తెరవకుంటే ఆ కండ అంత చచ్చిపోతుండె కాకా. మీరు చెయ్యాల్సిందే చేసిండ్రు."

"మరెందుకు పాయె?"

మేడం మాకు చెప్పినదంతా చెప్పాను. ఆయన విని, "నాకు గూడ చెప్పేది. చేన్ల పని చూసుకుంట ఊ కొడుతుంటి" అన్నాడు. మళ్లీ, "జర ముందుగాల దవాఖానకు పోతే?" అని అడిగాడు.

మేడం పోయిన రోజు పొద్దున, ఛాతీలో నొప్పిని గ్యాస్ అనుకుని, క్లాసు ముగించాకే దవాఖానకు బయలుదేరారు. నాకు అబద్ధమాడాలనిపించలేదు.

"కొంత మేలుండేదేమో కాకా. బతుకుతుండెనా అంటే, నాకు తెల్వదు."

ఆయన తలూపాడు. ఇది రాస్తున్న ఈ రోజుకీ నా మనసు కుదుటపడలేదు. ఆ రెండు ఫోన్ల మధ్య ఆమె గుండెలో ఏం జరిగిందో ఊహిస్తూనే ఉన్నాను.

మేమలా వాకిట్లో ఉండగానే వనపర్తి బస్సు దిగి ఆమె విద్యార్థులు వచ్చారు. లోపలికి రావాలో వద్దో తెలియక ఎండలో నిలబడ్డారు. "ఆడనే నిలబడ్డరేంది? లోపలికి రాండ్రి" అంటూ ఆయన వెళ్లి గేటు రెండు రెక్కలూ తీశాడు. ఒక్కొక్కరే తలవంచుకుని లోపలికి వచ్చారు. ఆఖరి పిల్ల వచ్చేసినా, ఆయన గేటు పట్టుకుని రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.