వాన గిట్టని మనిషి

కదిరిలో పెళ్లి ఫోటోలు తీసే ఎర్రిస్వామికి మబ్బు కనిపిస్తే మొహం మాడిపోతుంది. కరువు మీద ఫోటోల పుస్తకం వేస్తానని, దానికి ఆన్‌లైన్‌లో జనాన్ని విరాళాలు అడగాలని ఈ నెలే పెట్టుకున్నాడు. ఈ ఏడేమో వానలు బాగా పడ్డాయి. ముదిగుబ్బ దగ్గర చౌడమ్మ అనే రైతును ఆమె పచ్చటి వేరుశనగ చేనులోంచి పిలిచి, పక్క బీడులో నిలబెట్టి, చేతికి ఖాళీ బిందె ఇచ్చాడు.

"నవ్వొద్దు. ఆ చెప్పులు ఇడువు."

"ముండ్లుండాయి, ఇడవను. నా చెనిక్కాయ చేను ఎట్లుండాదో చూడు, అది తీయప్పా."

"పచ్చంగుంటే దుడ్లు ఎవురిస్తారు?"

అంతలో చినుకులు పడ్డాయి. కెమెరాను చొక్కాలోకి దోపుకుంటూ, "పాడు వాన! ఈపొద్దే రావల్లా?" అని తిట్టాడు. వానను తిట్టేవాణ్ణి చౌడమ్మ ఈ సీమలో ఎన్నడూ చూడలేదు. బిందెను వానకు పెట్టింది. అతను అడిగినట్టే చెప్పు విడిచింది. విడిచి, చేతికి తీసుకుంది.