సున్నంలో కలిపిన బూడిద

నా చిన్నప్పుడు మా ఇంటి ముగ్గుపిండిలో సగం పొయ్యి బూడిదే. మా అమ్మ జల్లెడ పట్టి మరీ కలిపేది. పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి ఎవరు చూస్తారు అనేది. ఆ పొదుపు నాకూ పట్టుకుంది. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో, వెర్రిబీలో మా అమ్మాయి ఇంట్లో ఉంటూ కూడా పెరుగు డబ్బాలు కడిగి దాస్తాను, ఒక టీ బ్యాగు రెండుసార్లు ముంచుతాను. నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ. ఒక్క చోట మాత్రం పొదుపు చెయ్యను. ఎందుకో మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మా తాతయ్య మా ఊరి కాలేజీలో మార్కర్. ఆటస్థలం చదును చెయ్యడం, పురికొస లాగి కట్టి దాని వెంట సున్నంతో గీతలు పొయ్యడం ఆయన పని. మైదానం వెనకాల కాలేజీ వాళ్ళిచ్చిన రెండు గదుల్లో ఉండేవాళ్ళం. బడి అక్కడికి దగ్గరే. నేను మూడో తరగతి.

ఆ ఏడు కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఆడిన మ్యాచ్ అల్లా ఓడిపోయింది. మొదట్లో గట్టు నిండా జనం ఉండేవాళ్ళు. పోనుపోను వేరుశనక్కాయలు అమ్మే ఆమె కూడా రావడం మానేసింది. ఇక ఆఖరి మ్యాచ్ మిగిలింది. అదీ గెలవకపోతే జట్టు తీసేస్తారట, జట్టే లేకపోతే మార్కర్ ఎందుకన్నారట ప్రిన్సిపాల్ గారు. తాతయ్య కంచం ముందు కూర్చుని మా అమ్మతో ఆ మాట చెప్తుంటే విన్నాను.

మ్యాచ్ రోజు పొద్దున్నే గోల్ గీత పొయ్యమని సున్నం డబ్బా నా చేతికిచ్చి, ఆయన వలలు కట్టుకోవడానికి వెళ్ళాడు. ఓడిపోయే జట్టుకి ఇంత తెల్లటి సున్నం ఎందుకు, మిగిలితే మా ముగ్గుకైనా వస్తుంది కదా అనిపించింది నాకు. సగం తీసి వంటింటి గూట్లో దాచాను. ఉన్న సగంలో బూడిద కలిపాను. మంచి పని చేశాననే అనుకున్నాను. గీత కాస్త మసకగా వచ్చింది గానీ, తాతయ్య చూపు అప్పటికే మందగించింది. కనిపెట్టలేదు.

ఏం మాయో, ఆ రోజు మావాళ్ళు ప్రాణం పెట్టి ఆడారు. ఇటూ అటూ ఒక్క గోలూ పడలేదు. రెండో సగంలో సన్నగా జల్లు మొదలైంది. ఇంకాసేపట్లో అయిపోతుందనగా మా కెప్టెన్ కొట్టిన బంతి గోల్ స్తంభాల మధ్య బురదలో పడింది. అవతలి గోల్‌కీపర్ దాన్ని వెనక్కి లాక్కున్నాడు. దాటిందని మావాళ్ళు, దాటలేదని వాళ్ళు. రిఫరీ వంగి చూశాడు. అక్కడ గీత లేదు. వాన నీళ్ళతో పోయింది. గోల్ ఇవ్వలేదు. మ్యాచ్ అలాగే ముగిసింది.

కెప్టెన్ స్తంభం మొదట్లో కాస్త మిగిలిన గీతలోంచి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

"ఇది సున్నమేంటి తాతా? బూడిద! ఎలాగూ ఓడిపోయేవాళ్ళమనేగా?"

అందరూ తాతయ్య కేసి చూశారు. ఆయన వంగి, పక్కనే ఉన్న నా చేతులు చూశాడు. గోళ్ళ సందుల్లో బూడిద.

"నేనే కలిపాను బాబూ. తప్పయిపోయింది," అన్నాడు.

నేను చేతులు వెనక్కి దాచుకున్నాను.

మర్నాడు మిగతా సున్నం ఏదని అడిగి, నేను దాచింది తెప్పించి, ఖాళీ మైదానంలో పురికొస కట్టి, ఆ గోల్ గీత మళ్ళీ నాతోనే పోయించాడు. చూడ్డానికి ఒక్క మనిషి లేడు. పూర్తయ్యాక, "మన పొయ్యి దగ్గర పొదుపు చేసుకో అమ్మడూ. ఇంకొకళ్ళ చెమట మీద చెయ్యకు," అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

జట్టు పోయింది. ఆయన పనీ, ఆ రెండు గదులూ పోయాయి. మేం చేరిన పల్లెలో బడి లేదు, నా చదువు మూడో తరగతితో సరి. తాతయ్య పోయేదాకా ఆ కాలేజీ ఊరి వాళ్ళు ఎక్కడ కనబడినా బూడిద మార్కర్ అనే పిలిచారు. ఆయన పలికేవాడు.

మా మనవడు క్లేటన్‌లో యూనికి, అదే యూనివర్సిటీకి, వెళ్తాడు. అక్కడ అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ ఆడతాడు. మొహానికి కడ్డీల టోపీ, భుజాలకి దిళ్ళు. వాళ్ళూ ఈ ఏడు ఒక్కటీ గెలవలేదు. మైదానంలో గీతలు ఆడేవాళ్ళే వంతుల వారీగా వేసుకోవాలి. మొన్న ఆఖరి మ్యాచ్‌కి ముందు రోజు గరాజ్‌లో వాడు తెల్లరంగు డబ్బాలో నీళ్ళు పోస్తుంటే చూశాను.

"ఇట్స్ ఫైన్ అమ్మమ్మా. ఎలాగూ వుయ్ విల్ లూజ్."

డబ్బా లాక్కున్నాను. కొత్తది కొనుక్కురా పొమ్మన్నాను.

"నువ్వేనా? టీ బ్యాగ్ అమ్మమ్మవేనా?" అని నవ్వుకుంటూ వెళ్ళి తెచ్చాడు.

మర్నాడు పొద్దుటి నుంచీ వాన. ఓడిపోయారు, చిత్తుగా ఓడిపోయారు. గొడుగు పట్టుకుని చివరిదాకా నేను గీతల్నే చూస్తూ నుంచున్నాను. చెరగలేదు. కారులో వాడు తడి తల వెనక్కి వాల్చి, రంగు గురించి నీకెందుకంత పట్టుదల అని అడిగాడు. అప్పుడు చెప్పాను, మొత్తం. మా తాతయ్య కలపలేదురా, నేనే కలిపాను అన్నాను.

ఈసారి వాడు ఇట్స్ ఫైన్ అనలేదు. అనకపోవడమే మేలు. ఇప్పటికీ ముగ్గు వేసి లేచినప్పుడల్లా చేతులు కడుక్కుని, గోళ్ళ సందులు ఒకసారి చూసుకుంటాను.